కన్ను ఒక్కటే, యుద్ధం ఆరు చోట్ల: కంపెనీ ఆఫ్ హీరోస్‌లో మజా ఎక్కడుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న సూటిగానే ఉంది. ఫోన్లో షూటింగ్ ఆటలు బాగా ఆడతావు. సెలవులకి అమలాపురం వచ్చి మీ అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌లో కంపెనీ ఆఫ్ హీరోస్ అనే రెండో ప్రపంచ యుద్ధం ఆట మొదలుపెట్టావు. "సైనికుల మీద క్లిక్ చెయ్యడం, ఎక్కడికో పొమ్మనడం, అవతలి మెషిన్‌గన్ ముందు వాళ్ళు బోర్లా పడుకోవడం, పది నిమిషాల్లో ఓడిపోవడం. తుపాకీ నా చేతిలోనే లేనప్పుడు ఇంక మజా ఏంటి? ఎప్పుడో 2006లో వచ్చిన ఆటని జనం ఇప్పటికీ ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు?" అని అడిగావు. పాలకొల్లులో నెట్ సెంటర్ నడిపిన రోజుల నుంచి ఈ రకం ఆటలు ఆడుతూ, పక్కవాళ్ళు ఆడుతుంటే వెనక నిలబడి చూస్తూ వచ్చినవాణ్ణి. కాస్త వివరంగానే చెప్తాను, తీరిగ్గా చదువుకో.

ముందు సంగతి ముందే చెప్పేస్తాను. తుపాకీ నీ చేతిలో లేకపోవడమే ఈ ఆట. షూటింగ్ ఆటలో నీ కన్ను ఎక్కడుంటే తుపాకీ కూడా అక్కడే ఉంటుంది. గురి కుదిరిందా లేదా, అంతే లెక్క. ఇక్కడ నీ మనుషులు ఆరు చోట్ల ఉంటారు, కన్ను మాత్రం ఒక్కచోటే ఉంటుంది. వంతెన దగ్గర వాళ్ళకి కవర్, అంటే దాక్కునే చాటు, చూపిస్తుండగా చర్చి పక్కనున్న జట్టు చస్తూ ఉంటుంది. చర్చి వైపు తిరిగితే బేస్‌లో కొత్త జట్టు తయారై, ఎటు పోవాలో చెప్పే దిక్కులేక నిలబడి ఉంటుంది. చదరంగంలోలా నీ వంతు వచ్చేదాకా ఆగేవాడు ఎవడూ లేడు. ఆటలో మనుషుల్ని, మందుగుండుని, ఇంధనాన్ని తెరమీద అంకెల్లో చూపిస్తారు. అన్నిటికంటే తొందరగా అయిపోయే సరుకు నీ ధ్యాస. దానికి మాత్రం తెరమీద అంకె ఉండదు. ఆ ధ్యాసని ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడంలోనే మజా అంతా ఉంది. ఇది ఒంటబట్టేదాకా పది నిమిషాల్లో ఓడిపోవడం మామూలే.

రియల్ టైమ్ స్ట్రాటజీ అనే ఈ తరహా ఆటలకి ఒక రూపం ఇచ్చింది 1992లో వచ్చిన డ్యూన్ 2. ఎడారిలో స్పైస్ అనే సరుకుని యంత్రాలతో పోగుచెయ్యి, దాంతో కట్టడాలు కట్టు, వాటిలోంచి సైన్యాన్ని తీసి ఎదుటివాడి మీదకి పంపు. అదే వెస్ట్‌వుడ్ స్టూడియో 1995లో కమాండ్ అండ్ కాంకర్ తీసుకొచ్చింది. 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, 1998లో స్టార్‌క్రాఫ్ట్ వచ్చాయి. ఇక 2003లో వచ్చిన కమాండ్ అండ్ కాంకర్ జనరల్స్ సంగతి మీ అన్నయ్యని అడుగు, మన వైపు నెట్ సెంటర్లలో ఆ పేరు తెలియని కుర్రాడు లేడు.

జనరల్స్ ఆడే కుర్రాళ్ళలో ఒక అలవాటు ఉండేది. ఆట మొదలయ్యే ముందే "పావుగంట దాకా ఎవడూ ఎవడి మీదకీ రాకూడదు" అని ఒట్టు పెట్టుకునేవాళ్ళు. ఆ పావుగంటా ఎవడి మూలన వాడు కోట కట్టుకోవడమే. తర్వాత ఒక్కసారిగా ట్యాంకులన్నీ ఎంచి పంపేస్తే, తెరంతా మంటలు, కుర్చీలన్నీ కేకలు. సరదాగా ఉండేది, కాదనను. కానీ అందులో యుద్ధం చివరి రెండు నిమిషాలే, మిగతాదంతా ఇళ్ళు కట్టడం. ఒట్టు తప్పి మూడో నిమిషంలోనే నాలుగు బళ్ళు పంపినవాడితో ఆ సాయంత్రం ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆటని ఆటగా ఆడింది వాడొక్కడే.

కంపెనీ ఆఫ్ హీరోస్ తయారుచేసిన రెలిక్ వాళ్ళు ఈ మూల కూర్చునే పద్ధతికే గండి కొట్టారు. ఇందులో చెట్టు కొట్టడం, బంగారం తవ్వడం ఏమీ ఉండదు. మ్యాప్ మొత్తం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కకి ఒక జెండా. నీ మనుషులు వెళ్ళి ఆ జెండా దగ్గర కాసేపు నిలబడితే ఆ ముక్క నీది. కొన్ని ముక్కలు మందుగుండు ఇస్తాయి, కొన్ని ఇంధనం ఇస్తాయి. ఇంధనం లేకపోతే ట్యాంకు రాదు, మందుగుండు లేకపోతే గ్రెనేడ్ విసరలేవు. అంటే ఆదాయం కావాలంటే నేల కావాలి, నేల కావాలంటే మొదటి నిమిషం నుంచీ బయటికి నడవాల్సిందే. పావుగంట ఒట్టు ఇక్కడ కుదరదు. బేస్‌లో కూర్చున్నవాడు ఓడిపోవడానికే కూర్చున్నట్టు.

దీని లోపల ఇంకో మెలిక ఉంది. జెండా నీదైతే చాలదు. ఆ ముక్క నుంచి నీ హెడ్‌క్వార్టర్స్ దాకా మధ్యలో ఉన్న ముక్కలన్నీ కూడా వరసగా నీవై ఉండాలి. మధ్యలో ఒక్కటి తెగితే దాని అవతల ఉన్నవన్నీ నీ రంగులోనే కనపడుతుంటాయి గానీ, వాటి నుంచి చుక్క రాదు. కోనసీమ కుర్రాడివి కాబట్టి నీకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నా, మధ్యలో ఎవరో తూము దగ్గర అడ్డం పెడితే శివారు చేలు ఎండుతాయి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులవారీ నీళ్ళు వదిలినప్పుడు శివారు రైతు తన చేలో నిలబడడు, రాత్రి టార్చి పట్టుకుని కాలువ గట్టు వెంబడి పైకి నడుస్తాడు. ఈ ఆటలో మ్యాప్‌ని ఆ కన్నుతో చూడాలి. శత్రువు ఇంధనం జెండాకి గట్టి కాపలా పెట్టాడా? దాని జోలికి పోవద్దు. ఆ జెండాకీ వాడి బేస్‌కీ మధ్య పనికిమాలినదానిలా కనపడే ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకో. ఒక చిన్న ఇంజనీర్ల జట్టుతో చాటుగా ఈ పని చేస్తే, వాడి ట్యాంకు నిమిషాల తరబడి ఆలస్యం అవుతుంది. ఎందుకు ఆలస్యమైందో కూడా వాడికి వెంటనే తెలియదు, ఎందుకంటే వాడి కన్ను ఇంకెక్కడో ఉంది.

మ్యాప్‌ని ఇలా చూడటం వచ్చాక సైనికులు బొమ్మల్లా కనపడటం మానేస్తారు. నిజానికి నేను ఈ ఆటకి అతుక్కుపోయింది ఇక్కడే.

ఇక నిన్ను రోజూ ఓడిస్తున్న మెషిన్‌గన్ దగ్గరికి వద్దాం. నువ్వు చేస్తున్నది ఏంటో చూడకుండానే చెప్పగలను. ఆరుగురున్న రైఫిల్ జట్టుని తీసుకుని, రోడ్డు సాఫీగా ఉంది కదా అని రోడ్డు మీదే నడిపిస్తున్నావు. ఎదురుగా ఇంట్లోనో, ఇసుక బస్తాల వెనకో జర్మన్ ఎంజీ 42 ఉంటుంది. నీ వాళ్ళు ఆరుగురూ దాని ముందు నేలకి కరుచుకుంటారు. పాకుతారు, ఇంకా కాల్చేకొద్దీ అసలు కదలడమే మానేస్తారు. అప్పుడు నువ్వు రెండో జట్టుని కూడా అదే రోడ్డు మీద సాయంగా పంపుతున్నావు. ఇప్పుడు పన్నెండు మంది పడుకున్నారు.

ఆ మెషిన్‌గన్ చుట్టూరా కాల్చలేదు. విసనకర్ర విప్పినట్టు ఒక వైపుకే దాని పరిధి ఉంటుంది. పక్కకి తిరగాలంటే గన్ను ఎత్తి, తిప్పి, మళ్ళీ బిగించుకోవాలి, అందుకు కొన్ని సెకన్లు పడుతుంది. పక్క నుంచి వచ్చినవాణ్ణి అది ఏమీ చెయ్యలేదు. కాబట్టి ఒక జట్టు ముందువైపు గోడ చాటున ఉండి దాని దృష్టి పట్టుకోవాలి, రెండోది ఇళ్ళ వెనక నుంచి చుట్టు తిరిగి రావాలి. మౌస్ బాణాన్ని నేల మీద పెట్టినప్పుడు చుక్కలు కనపడతాయి చూడు, వాటిని గమనించు. ఆకుపచ్చ అంటే గట్టి చాటు, గోడలూ బస్తాలూ. పసుపు అంటే పొదలు, కంచెల్లాంటి అంతంతమాత్రం చాటు. ఎరుపు అంటే మామూలు కన్నా ఎక్కువ దెబ్బ తగిలే చోటు. రోడ్లు ఎప్పుడూ ఎరుపే. నీకు సాఫీగా కనపడిన రోడ్డు ఈ ఆటలో అందరికన్నా నమ్మకద్రోహి. ఇంట్లో దూరిన మెషిన్‌గన్‌కైతే చుట్టు తిరగడం కూడా కష్టం, దానికి మోర్టారో గ్రెనేడో కావాలి. గ్రెనేడ్‌కి మందుగుండు కావాలి, మందుగుండుకి జెండా కావాలి. మళ్ళీ కథ నేల దగ్గరికే వచ్చింది చూశావా.

ఈ ఆటలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే బటన్ దాడి చేసేది కాదు, వెనక్కి తగ్గేది. కీబోర్డు మీద టీ నొక్కితే ఆ జట్టు ఉన్నదున్నట్టు లేచి హెడ్‌క్వార్టర్స్ దాకా పరుగు తీస్తుంది. పరిగెత్తేటప్పుడు వాళ్ళకి దెబ్బలు తగలడం బాగా తగ్గుతుంది. ఒక్కడు మిగిలినా సరే, ఆ ఒక్కడితో జట్టు బతికినట్టే. అక్కడ మిగతావాళ్ళని నింపుకోవచ్చు, కొత్త జట్టు కొనడం కన్నా అది చవక. ఆ జట్టు అప్పటిదాకా సంపాదించిన అనుభవం కూడా పోదు. కొత్తవాళ్ళు ఈ బటన్ నొక్కరు. పౌరుషం అడ్డొస్తుంది. "ఇంకొక్క నిమిషం నిలబడితే గెలుస్తాం" అనిపిస్తుంది. పందెంలో పుంజు వెనక్కి తిరిగితే పరువు పోయిందనుకునే జిల్లాల వాళ్ళం మరి. బాగా ఆడేవాళ్ళ ఆట చూడు, గంటలో ఎన్నిసార్లు వెనక్కి పరిగెత్తిస్తారో. నేల మళ్ళీ పట్టుకోవచ్చు. మూడు యుద్ధాలు చూసిన జట్టుని మళ్ళీ తయారు చెయ్యలేవు. ఎప్పుడు పట్టు వదలాలో తెలిసినవాడిదే ఈ ఆట. అయితే ట్యాంకులకి ఆ బటన్ ఉండదు, వాటిని నీ చేత్తోనే వెనక్కి నడిపించుకోవాలి. ట్యాంకు వెనకవైపు కవచం పల్చన కాబట్టి మొహం శత్రువు వైపే ఉంచి రివర్స్‌లో తీసుకురావాలి. ఇదంతా వేలికి అలవాటైపోతుంది, దిగులు పడకు.

ఇప్పుడు మన ప్రాంతం కథ ఒకటి చెప్తాను, ఆటలో మ్యాప్ మీద నల్లగా ఎందుకు కప్పి ఉంచుతారో దాంతో తెలుస్తుంది. ఫాగ్ ఆఫ్ వార్ అంటారు దాన్ని. నీ మనుషుల చూపు పడినంత మేరే నీకు కనపడుతుంది, మిగతాదంతా చీకటి. కొత్తవాళ్ళకి ఇది పెద్ద చిరాకు, "శత్రువు ఎక్కడున్నాడో చూపిస్తే గదా ఆడేది" అంటారు.

1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఒక యుద్ధం జరిగింది. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ యుద్ధం అంటారు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజులు. తమ సేనాని బుస్సీని వాళ్ళే వెనక్కి పిలిపించుకున్నారు, ఆయన చోట కాన్‌ఫ్లాన్స్ ఉన్నాడు. ఇదే అదను అని విజయనగరం రాజు ఆనంద గజపతి రాజు ఇంగ్లీషువాళ్ళని రమ్మన్నాడు. బెంగాల్ నుంచి క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ని సముద్రం మీద పంపాడు. రెండు సైన్యాలూ చందుర్తి దగ్గర ఎదురుపడ్డాయి. ఫోర్డ్ దగ్గరున్న దేశీ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. అతని తెల్ల సిపాయిల పటాలం నిలువెత్తు పెరిగిన చేను వెనక పడిపోయి ఎదుటివాళ్ళకి కనపడలేదు. ఎర్రకోట్లు చూసి ఫ్రెంచివాళ్ళు అసలు ఇంగ్లీషు పటాలం అదే అనుకున్నారు. తమ బలమంతా తీసుకెళ్ళి సిపాయిల మీద పడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు, ఫ్రెంచివాళ్ళు తరుముకుంటూ పోయారు. అంతలో చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్క నుంచి కాల్చింది. ఆ దెబ్బతో ఫ్రెంచి పటాలం విరిగిపోయింది. ఫిరంగులు, గుడారాలు అన్నీ పోయాయి, కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దాకా ఆగకుండా పోయాడు.

ఆ రోజు కాన్‌ఫ్లాన్స్‌కి లోటైంది సైన్యం కాదు, చూపు. ఒక్క చేను అవతల ఏముందో కనపడి ఉంటే ఆ ఎత్తు వేసేవాడు కాదు. మ్యాప్ మీద ఆ నల్లటి పొర తీసేస్తే చందుర్తి జరగదు, నీ ఆటలో కూడా చుట్టు తిరిగి రావడం అనేదే ఉండదు. కనపడని చోటు ఉంది కాబట్టే అక్కడ ఏముందో ఊహించాలి, ఒక జట్టుని వెచ్చించి చూసి రావాలి. వాడి ట్యాంకు ఈపాటికి రావాలి, రాలేదు, అంటే ఆ ఇంధనం దేనికి వాడాడు అని లెక్క వెయ్యాలి. ఆ లెక్క సరిగ్గా తేలిన రోజు కలిగే ఆనందం ఉందే, తలకి గురిపెట్టి కొట్టినదానికన్నా ఎక్కువ. ఇది నా మాట, నువ్వు ఆడి చూసి చెప్పు.

చందుర్తి తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. గెలిచిన ఫోర్డ్ వెంటనే మచిలీపట్నం మీద పడితే సరిపోయేది. కానీ చేతిలో డబ్బు లేదు. ఇస్తానన్న సొమ్ము రాజావారి నుంచి రాలేదు, జీతాల్లేని సైన్యం కదల్లేదు. ఆ వారాల వ్యవధిలో కాన్‌ఫ్లాన్స్ మచిలీపట్నం కోటలో సర్దుకున్నాడు. 1759 మార్చిలో ఫోర్డ్ కోట ముందుకు చేరేసరికి కష్టాలు నాలుగు వైపులా ముసిరాయి. సొంత సైనికులే డబ్బు కోసం తిరగబడ్డారు. వెనక రాజమండ్రిని ఫ్రెంచి దళం ఒకటి మళ్ళీ పట్టుకుని దారి తెంపింది. ఫ్రెంచివాళ్ళ పక్షాన నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో బెజవాడ వైపు వస్తున్నాడు. మందుగుండు అడుగంటింది. చివరికి ఏప్రిల్ 7 రాత్రి ఉన్నదంతా పెట్టి ఒక్కసారిగా కోట మీదకి ఎక్కాడు, తెల్లారేసరికి కోట చేతికొచ్చింది. ఫోర్డ్ అదృష్టం బాగుండి గెలిచాడు గానీ, ఆ నెలలు చూడు: ఆదాయం ఆగడం, దారి తెగడం, మూడు చోట్ల ఒకేసారి ధ్యాస పెట్టాల్సి రావడం. ఫ్రాన్స్‌లో నార్మండీ మీద తీసిన ఆటలో నీకు రోజూ ఎదురయ్యేవి ఇవే. తుపాకీ కాల్చడం ఆ మొత్తం వ్యవహారంలో ఆఖరి మెట్టు.

ధ్యాసే అసలు సరుకు అని మొదట్లో అన్నాను కదా, దానికి గట్టి సాక్ష్యం ఒకటుంది. 2018 డిసెంబర్‌లో డీప్‌మైండ్ కంపెనీ, సొంతంగా ఆడటం నేర్చుకున్న తమ ఆల్ఫాస్టార్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని స్టార్‌క్రాఫ్ట్ 2లో ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళ మీదకి వదిలింది. ఇద్దరి మీదా 5-0 గెలిచింది. అయితే ఆ ఆటల్లో యంత్రానికి ఒక సౌకర్యం ఉంది, తన మనుషుల చూపు పడిన చోట్లన్నీ అది ఒకేసారి చూడగలదు, మనలా తెర జరుపుకుంటూ వెళ్ళక్కర్లేదు. తర్వాత 2019 జనవరిలో ప్రత్యక్ష ప్రసారంలో, మనలాగే ఒక్క తెర మేరే చూసే కొత్త ప్రోగ్రామ్‌ని పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకడైన మానా దాన్ని ఓడించాడు. అది కొద్దిరోజులే శిక్షణ పొందినదన్న మాట కూడా నిజమే, అన్నీ కన్ను మీదే తొయ్యలేం. అదే ఏడాది చివరికి తెర జరుపుకుంటూ ఆడే ఆల్ఫాస్టారే ఆ ఆటలో అన్నిటికన్నా పైదైన గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరింది. అంటే యంత్రం కూడా ఎటు చూడాలో నేర్చుకున్నాకే పైకి వచ్చింది.

మెచ్చుకోలు చాలించి ఇంకో వైపు కూడా చెప్తాను. ఈ ఆటలో ఊళ్ళున్నాయి, ఊరి జనం లేరు. ఇళ్ళు కూలతాయి, ఆ ఇళ్ళలోవాళ్ళు ఎక్కడికి పోయారన్న మాటే రాదు. యుద్ధం మనకి సినిమా వ్యవహారం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు, రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు. టీ నొక్కితే వెనక్కి వచ్చేసే సౌకర్యం వాళ్ళకి లేదు. రక్తం, బూతులు కూడా ఇందులో బాగానే ఉంటాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ ముందు ఆడకు. ఇక కథ నడిచే మిషన్లలో సైనికుల ప్రసంగాలు కొంచెం అతి, నేనైతే వాటిని దాటేస్తాను.

ఇప్పుడు నువ్వు ఏం చెయ్యాలో చెప్తాను. మనుషులతో ఆన్‌లైన్‌లో ఆడటం కొన్నాళ్ళు ఆపు. ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నవాళ్ళు కాచుక్కూర్చుంటారు అక్కడ, నీకు నేర్పడానికి ఎవరూ రారు. కథ మిషన్లే ఆడు. మొదటిది ఒమాహా బీచ్ మీద దిగడం, అందులో చాటు నుంచి చాటుకి పరిగెత్తడం దానంతట అదే నేర్పుతుంది. కారెంటాన్ ఊరి మిషన్ దాకా వెళ్ళేసరికి రోడ్డు మీద నడవడం నీకే భయమేస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్‌తో ఒకరికొకరు ఆట పెట్టుకో, తేలిక స్థాయిలో. గెలవాలని చూడకు. ఒక్కటే నియమం పెట్టుకో: ఒక్క జట్టు కూడా పూర్తిగా చావకూడదు. వెనక్కి రప్పించడం అలవాటైతే మిగతావి వెనకే వస్తాయి.

మౌస్ లేకుండా టచ్‌ప్యాడ్ మీద ఆడుతున్నావేమో, అదొక్కటీ వెంటనే మార్చు. జట్లకి అంకెలు కట్టుకో: జట్టుని ఎంచుకుని కంట్రోల్ కీతో పాటు ఒకటో రెండో నొక్కితే, తర్వాత ఆ అంకె నొక్కగానే ఆ జట్టు నీ చేతిలోకి వస్తుంది. మూలనున్న చిన్న మ్యాప్‌ని రెండు మూడు సెకన్లకోసారి చూడు. షూటింగ్ ఆటల నుంచి వచ్చినవాళ్ళు చూపుని తెర మధ్య నుంచి కదల్చరు, అది మానుకోవడమే నీకు అన్నిటికన్నా కష్టం.

ఫోన్ వదలలేనంటావా, ఇదే ఆట 2020లో ఫోన్లకి కూడా వచ్చింది. నడుం వాల్చి ఆడుకోవడానికి పర్వాలేదు గానీ వేలితో అంత వేగం రాదు. సమయం సరిపోక ఓడిపోతున్నాననిపిస్తే 2023లో వచ్చిన మూడో భాగం చూడు, ఒక్కడివే ఆడేటప్పుడు యుద్ధాన్ని ఆపి, అందరికీ ఆజ్ఞలిచ్చి, మళ్ళీ నడిపించే వీలుంది. కానీ దానికి మీ అన్నయ్య పాత ల్యాప్‌టాప్ చాలదు. తుపాకుల గోల లేకుండా ఈ ధ్యాస పంచడం ఒక్కటే నేర్చుకోవాలంటే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆర్ట్ ఆఫ్ వార్ అనే పాఠాలున్నాయి, అవి బాగుంటాయి. రెండువందల జనాభా, నాలుగు సరుకులు, తిండి లేకపోతే రైతు కూడా పుట్టడు. డబ్బు పెట్టకుండా అయితే జీరో ఏ.డి. అని ఉచితంగా దొరుకుతుంది, అందులో మౌర్యుల సైన్యం, ఏనుగులతో సహా ఉంటుంది.

ఒక్క పని మాత్రం ఈ వారమే చెయ్యి. ఓడిపోయిన ఆట ఒకటి రీప్లేగా దాచుకుని, ఆ నల్లటి పొర తీసేసి, ఎదుటివాడి వైపు నుంచి చూడు. వాడి మెషిన్‌గన్ ఎప్పుడు ఆ ఇంట్లోకి చేరిందో, ఆ క్షణంలో నీ తెర మ్యాప్ మీద ఎక్కడుందో రెండూ రాసుకుని నాకు పంపించు. మ్యాప్ పేరు కూడా రాయి, ఆంగోవిల్ అయితే చుట్టు తిరగడానికి దారులు వేరేగా చెప్పాల్సి ఉంటుంది.